సముద్రం వదిలివెళ్లిన ఊరు

బెల్జియంలోని బ్రూజ్ నగరంలో, అవర్ లేడీ చర్చి వెనకాల, కాలువ మీద ఒక చిన్న రాతి వంతెన ఉంది. పేరు బోనిఫాసియస్ వంతెన. నలుగురు ఎదురుపడితే ఒదిగి నడవాల్సినంత ఇరుకు. ఓ పక్క నీళ్లలోంచి నిటారుగా లేచిన ఇటుక గోడలు, ఇంకో పక్క చెట్ల నీడ, తలెత్తితే చర్చి శిఖరం. ఊరు చూడవచ్చినవాళ్లలో అక్కడ ఆగి ఫొటో దిగనివాళ్లు అరుదు. వాళ్లలో చాలామంది ఐదారు వందల ఏళ్ల నాటి వంతెన మీద నిలబడ్డామనే అనుకుంటారు. ఆ వంతెన కట్టింది 1910 ప్రాంతంలో.

ఈ మాట తెలిస్తే కొందరికి నిరాశ కలుగుతుంది. కలగనక్కర్లేదు. బ్రూజ్ చరిత్ర సగం ఆ వంతెనలోనే ఉంది. ఒకప్పుడు ఈ ఊరు ఉత్తర ఐరోపాకు అంగడివీధి. తర్వాత సముద్రం దూరమై, వర్తకం తరలిపోయి, మూడు వందల ఏళ్లపాటు పేదరికంలో మగ్గింది. కొత్త ఇళ్లు కట్టే స్తోమత లేక పాత ఇళ్లు పాతవిగానే మిగిలాయి. 19వ శతాబ్దంలో బయటివాళ్లు వాటిని చూడటానికి రావడం మొదలుపెట్టారు. వాళ్లు ఇష్టపడి చూసిన రూపాన్ని ఊరు తన చేతులతో మళ్లీ దిద్దుకుంది. ఇవాళ పర్యాటకుడు ఎక్కే మెట్లలో, కూర్చునే పడవలో, కొనుక్కునే లేసులో ఈ మూడు కాలాలూ కలిసే ఉన్నాయి.

బ్రూజ్ అన్నది ఫ్రెంచి పేరు. ఇంగ్లిషువాళ్లు కూడా అదే వాడతారు. అక్కడివాళ్లు మాట్లాడేది డచ్చి, వాళ్లకు ఇది బ్రుగ్గె.

ఊరు సముద్రం ఒడ్డున లేదు. తీరం పదిహేను కిలోమీటర్ల దూరం. 1134లో వచ్చిన ఒక పెనుతుఫాను తీరాన్ని చీల్చి, జ్విన్ అనే పాయను లోపలిదాకా తెరిచింది. బ్రూజ్ భాగ్యం ఆ పాయతో మొదలైంది. పాయ చివర డామ్మె అనే రేవు వెలిసింది. పెద్ద ఓడలు అక్కడ ఆగేవి, సరుకు చిన్న పడవల్లోకి మారి కాలువల గుండా ఊళ్లోకి వచ్చేది. నడిబొడ్డున ఉన్న మార్క్ట్ కూడలిలో, తూర్పు పక్కన, ‘నీటి శాల’ అనే పెద్ద కట్టడం ఉండేది. పడవలు నేరుగా దాని కప్పు కిందికి వచ్చి నిలిచేవి. వాన పడ్డా ఉన్ని మూటలు తడవకుండా దించుకునేవారు. ఇప్పుడా కూడలిలో నీటి చుక్క కనపడదు. 1787లో నీటి శాలను పడగొట్టారు. దాని జాగాలో నేడు ప్రావిన్స్ ప్రభుత్వపు గోథిక్ తరహా భవనం నిలబడి ఉంది.

ఇంగ్లండు ఉన్ని ఇక్కడికి వచ్చేది. ఫ్లాండర్స్ మగ్గాల మీద నేసిన బట్ట ఇక్కడి నుంచి వెళ్లేది. 1277లో జెనోవా వర్తకుల ఓడలు జిబ్రాల్టర్ చుట్టి మొదటిసారి ఈ రేవుకు చేరాయి. వెనిస్ ఓడలు వాటి వెనకే వచ్చాయి. ఉత్తరాది జర్మన్ వర్తకుల హాన్సా సమాఖ్య విదేశాల్లో నడిపిన నాలుగు పెద్ద కార్యాలయాల్లో ఒకటి బ్రూజ్‌లోనే ఉండేది. మిగతా మూడు లండన్, బెర్గెన్, నోవ్‌గరద్. ఇంగ్లండుకు అచ్చుయంత్రాన్ని తీసుకెళ్లిన విలియం కాక్స్‌టన్ కూడా అంతకుముందు బ్రూజ్‌లోని ఇంగ్లిషు వర్తకుల పెద్దగా చాలాకాలం ఇక్కడే ఉన్నాడు.

ఈ వర్తకులు దిగే సత్రాల్లో ఒకదాన్ని వాన్ డెర్ బుర్జె అనే కుటుంబం నడిపేది. బస ఇవ్వడంతోపాటు సరుకు దాచడం, బేరం కుదర్చడం, హుండీలు మార్చుకునే చోటు చూపడం కూడా ఆ సత్రం వాళ్ల పనే. దాని ముందున్న కూడలిలో రోజూ ధరలు, మారకపు రేట్లు తేలేవి. ఆ ఇంటి పేరే మెల్లగా అలాంటి చోట్లన్నిటికీ పేరైంది. ఫ్రెంచిలో, జర్మన్‌లో, మరెన్నో భాషల్లో స్టాక్ మార్కెట్‌కు వాడే ‘బోర్స్’ అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. ఆ ఇల్లు నేటికీ ఉంది. గైడ్లు అక్కడ కాసేపు ఆపుతారు. ఫొటోలకు అంతగా నోచుకోని ఈ ఇంటి పేరే నిజానికి బ్రూజ్ ప్రపంచానికి ఇచ్చిన వాటిలో ఎక్కువ దూరం ప్రయాణించింది.

వెనిస్ మీదుగా వచ్చిన సరుకుల్లో వజ్రాలూ ఉండేవి. ఆ రోజుల్లో ఐరోపాకు వజ్రాలు చేరేది దాదాపుగా భారతదేశం నుంచే. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో మోటుపల్లి రేవున్న రాజ్యం గురించి రాస్తూ, వానలు వెలిశాక కొండవాగుల్లో అక్కడివాళ్లు వజ్రాలు ఏరుకుంటారని చెప్పాడు. అది కాకతీయుల రాజ్యం. దక్కన్ నేల ఇచ్చిన రాళ్లను సానపట్టే పనివాళ్లు 15వ శతాబ్దపు బ్రూజ్‌లో ఉండేవారు. 1476లో లోడెవైక్ వాన్ బెర్కెన్ అనే బ్రూజ్ వాసి వజ్రపు పొడితోనే వజ్రాన్ని సానపట్టడం కనిపెట్టాడని ఒక కథ ఉంది. చరిత్రకారులు దాన్ని కథగానే చూస్తారు. కథ ఏదైనా, మన నేల మీద ఏరిన రాయికీ ఈ కాలువల ఊరికీ ఒకనాడు దారి ఉందన్నది మాత్రం వాస్తవం. తర్వాత ఆ వ్యాపారం కూడా మిగతావాటితో పాటే ఆంట్వెర్ప్‌కు వెళ్లిపోయింది.

మార్క్ట్ కూడలికి దక్షిణాన బెల్‌ఫ్రై, అంటే గంటల గోపురం. ఎత్తు 83 మీటర్లు. చూడవచ్చినవాళ్లు ఎక్కాల్సిన మెట్లు 366. ఇది గుడి గోపురం కాదు, ఊరి గోపురం. ప్రభువు దగ్గర సంపాదించుకున్న హక్కుల పత్రాలను ఊరివాళ్లు ఇందులోని ఒక గదిలో, ఇనుప తలుపుల వెనక భద్రపరిచేవారు. పని మొదలవ్వాలన్నా, కోట తలుపులు మూయాలన్నా, ఎక్కడైనా నిప్పంటుకున్నా మోగేది ఇక్కడి గంటే. ఆ గోపురానికే 1280లో నిప్పంటుకుంది, పత్రాలు కాలిపోయాయి. మళ్లీ కట్టారు. 1480ల్లో పైన ఎనిమిది పలకల అంతస్తు లేపారు. దాని మీది కొయ్య శిఖరం 1493లో పిడుగుపడి కాలింది. మళ్లీ పెడితే 1741లో మళ్లీ కాలింది. ఆపైన శిఖరం జోలికి ఎవరూ పోలేదు.

మెట్లు పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. చివర్లో ఎక్కేవాళ్లు గోడకు ఒదిగితే గాని దిగేవాళ్లకు దారి ఉండదు. దారిలో ఒక గదిలో మనిషికంటే ఎత్తైన లోహపు డోలు కనిపిస్తుంది. దాని ఒంటినిండా వేల కన్నాలు. ఆ కన్నాల్లో బిగించిన మేకులు డోలు తిరుగుతుంటే తీగలను లాగుతాయి, తీగలు పైనున్న సుత్తులను లేపుతాయి, సుత్తులు గంటల మీద పడతాయి. పాట మార్చాలంటే మేకుల చోటు మార్చాలి. 18వ శతాబ్దం నాటి ఈ యంత్రం ఇప్పటికీ పావుగంటకోసారి గంటలు మోగిస్తుంది. మొత్తం గంటలు 47. కచేరీ రోజుల్లో మాత్రం నగరం నియమించిన వాద్యకారుడు స్వయంగా కూర్చుని, వరుసగా అమర్చిన కొయ్య మీటలను పిడికిళ్లతో కొట్టి, పెడళ్లను కాళ్లతో తొక్కి వాయిస్తాడు. కింద కూడలిలో కాఫీ తాగుతున్నవాళ్లకు మెత్తగా వినిపించే ఆ సంగీతం వెనక అంత ఒళ్లు వంచే శ్రమ ఉంది.

15వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన బుర్గుండీ ప్రభువులు ఇక్కడ తరచూ కొలువుదీరేవారు. 1430లో ఫిలిప్ ది గుడ్ పోర్చుగల్ రాకుమారి ఇసబెల్లాను పెళ్లాడి, ఆ సందర్భంగా ‘గోల్డెన్ ఫ్లీస్’ అనే వీరుల సంఘాన్ని ఈ ఊళ్లోనే స్థాపించాడు. కొలువు ఉన్నచోటికి చిత్రకారులు వస్తారు. యాన్ వాన్ ఐక్ ఇక్కడే స్థిరపడి 1441లో ఇక్కడే చనిపోయాడు. ఆయన 1436లో పూర్తిచేసిన ‘కానన్ వాన్ డెర్ పాలె’ చిత్రం గ్రూనింగె మ్యూజియంలో ఉంది. ముసలి మతాధికారి చేతిలోని కళ్లద్దాల కింద పుస్తకంలోని అక్షరాలు ఎలా మారి కనిపిస్తాయో కూడా అందులో చూడవచ్చు.

హాన్స్ మెమ్లింగ్ గీసిన సెయింట్ ఉర్సులా పేటిక మరో అద్భుతం. చిన్న చర్చి ఆకారంలో చేసిన కొయ్య పేటిక మీద ఉర్సులా కథను బొమ్మలుగా గీశాడు. అది 1489లో సెయింట్ జాన్ ఆసుపత్రికి చేరింది. 12వ శతాబ్దంలో మొదలైన ఆ ఆసుపత్రి ఇప్పుడు మ్యూజియం. రోగుల పడకలుండే ఆ పొడవాటి హాలు అలాగే ఉంది. ఏ ఆసుపత్రి కోసం పేటిక చేశారో, ఐదు వందల ఏళ్లు దాటినా అది ఆ ఆసుపత్రిలోనే ఉంది. ప్రపంచంలోని పెద్ద మ్యూజియాలకు కూడా దొరకని భాగ్యమిది.

మంచి రోజులు 1480ల్లో తిరగబడ్డాయి. బుర్గుండీ వారసురాలు మేరీ 1482లో వేటలో గుర్రం మీదినుంచి పడి చనిపోయింది. భర్త మాక్సిమిలియన్ వేసిన పన్నులు ఊరివాళ్లకు మింగుడుపడలేదు. 1488లో వాళ్లు మాక్సిమిలియన్‌ను మార్క్ట్ కూడలిలోని క్రానెన్‌బర్గ్ అనే ఇంట్లో బంధించారు. ఆయన మనిషి పీటర్ లాంఖాల్స్ తల నరికారు. అప్పటి కథ ఒకటి ఇవాళ ప్రతి పడవవాడి నోటా వినిపిస్తుంది. లాంఖాల్స్ పేరు ‘పొడుగు మెడ’ అనే మాటలా ఉంటుంది గనుక, చేసిన పాపానికి శిక్షగా ఊరు ఎల్లకాలం పొడుగు మెడల హంసలను సాకాలని మాక్సిమిలియన్ శపించాడట. కథ మాట ఎలా ఉన్నా, మిన్నెవాటర్ సరస్సు దగ్గర హంసలు మాత్రం నేటికీ ఉన్నాయి. అసలు శిక్ష వేరు. బయటపడ్డ మాక్సిమిలియన్ విదేశీ వర్తకులను ఆంట్వెర్ప్‌కు తరలిపొమ్మన్నాడు. అదే సమయంలో జ్విన్ పాయ ఇసుక మేటలతో పూడిపోతూ వచ్చింది. ఎంత తవ్వినా నిలవలేదు. ఓడలు బళ్లవడమంటే ఏమిటో ఈ ఊరు అక్షరాలా చూసింది. ఒకప్పుడు ఓడలు నిలిచిన చోట ఇప్పుడు పంటపొలాలు.

తర్వాతి మూడు శతాబ్దాల్లో ఊరిని నిలబెట్టింది ఎక్కువగా ఆడవాళ్ల వేళ్లు. మగ్గాల పని పోయాక బీద ఇళ్లలో లేసు అల్లకమే బతుకుదెరువైంది. నరసాపురం లేసును కొక్కెం సూదితో ఒకే దారం మీద అల్లుతారు. బ్రూజ్ లేసు పద్ధతి వేరు. ఒడిలో గట్టి దిండు, దాని మీద నమూనా కాగితం, కాగితం మీద వరుసగా గుండుసూదులు. దారం చుట్టిన చెక్క కండెలు జతలు జతలుగా వేలాడుతుంటాయి. సులువు నమూనాకు ఓ పది, కష్టమైనదానికి వందలు. చెయ్యాల్సినవి రెండే కదలికలు: ఒక కండెను మరోదాని మీదుగా దాటించడం, రెండిటినీ మెలిపెట్టడం. సూది గుచ్చడం, దాటించడం, మెలిపెట్టడం, మళ్లీ సూది. అలవాటైన చేతుల్లో కండెలు టకటకమని చప్పుడు చేస్తూ పరుగెడతాయి. అయినా అరచేయంత లేసుకు గంటలు, రోజులు పడతాయి.

19వ శతాబ్దంలో సన్యాసినులు నడిపిన లేసు బడుల్లో చిన్నపిల్లలు కూడా దిండ్ల ముందు కూర్చునేవారు. కూలి నామమాత్రం. 1840ల్లో బంగాళాదుంపకు తెగులు సోకి, నార నేత కూడా కుప్పకూలాక బ్రూజ్ దేశంలోని అతి పేద నగరాల్లో ఒకటైంది. సింట్ అన్నా పేటలో, బాల్‌స్ట్రాట్ వీధిలో నేడు లేసు కేంద్రం ఉంది. పాత లేసు బడి భవనమే అది. మధ్యాహ్నాలు అక్కడ అల్లకం చేసి చూపిస్తారు. దుకాణాల్లో చవగ్గా దొరికే లేసుకూ ఈ చేతి పనికీ ఎంత తేడానో అరగంట కూర్చుంటే తెలుస్తుంది.

ఇంత పేదరికంలో ఉన్న ఊరికి యాత్రికులు ఎందుకొచ్చారు? మొదటి కారణం యుద్ధభూమి. 1815 తర్వాత వాటర్లూ చూడాలని బయల్దేరిన ఇంగ్లిషువాళ్లు తీరంలో దిగి, దారిలో బ్రూజ్‌లో ఆగేవారు. 1838లో రైలు వచ్చాక రాకపోకలు పెరిగాయి. ఇంటి అద్దెలు చౌక కావడంతో కొందరు ఇంగ్లిషువాళ్లు ఇక్కడే ఉండిపోయారు కూడా. తమ దేశంలో ఫ్యాక్టరీల పొగకు మాయమవుతున్న మధ్యయుగం ఇక్కడ చెక్కుచెదరకుండా కనిపించింది వాళ్లకు. అమెరికన్ కవి లాంగ్‌ఫెలో గంటల గోపురం మీద కవిత రాశాడు. 1850ల్లో వచ్చి స్థిరపడ్డ జేమ్స్ వీల్ అనే ఇంగ్లిషు పండితుడు పాత దస్తావేజుల దుమ్ము దులిపి వాన్ ఐక్, మెమ్లింగ్‌ల జీవిత విశేషాలను వెలికి తీశాడు. ఊరి మీద గైడు పుస్తకం రాశాడు. పాత కట్టడాలను పడగొట్టొద్దని పోట్లాడాడు.

ఊరి పెద్దలకూ విషయం అర్థమైంది. 1877 నుంచి నగరపాలక సంస్థ పాత ఇళ్ల ముందు గోడలను పాత పద్ధతిలో బాగుచేయించుకునే యజమానులకు డబ్బు సాయం చేయడం మొదలుపెట్టింది. లూయీ డెలాసెన్సరీ అనే వాస్తుశిల్పి గ్రూట్‌హూసె భవనం లాంటివాటిని పునరుద్ధరించాడు. పనిలో పనిగా, పాతది ఎలా ఉండి ఉంటుందో ఊహించి కొత్తగా కూడా కట్టారు. బోనిఫాసియస్ వంతెన ఆ వరుసలోదే.

అయితే పాతకాలపు ఊరన్న ఈ పేరు అందరికీ నచ్చలేదు. 1892లో జార్జ్ రోడెన్‌బాక్ ‘బ్రూజ్-లా-మోర్ట్’ అనే ఫ్రెంచి నవల వెలువరించాడు. ‘మృత నగరం బ్రూజ్’ అని దాని అర్థం. భార్య పోయిన ఒక మనిషి దుఃఖానికి ఆ ఊరి మౌనం అద్దం పడుతుంది. వీధుల, కాలువల ఫొటోలతో సహా అచ్చయిన ఆ పుస్తకం ఐరోపా అంతటా చదివారు. ఆ విషాదాన్ని కళ్లారా చూడాలని జనం వచ్చారు. ఊరివాళ్లకు మాత్రం మనసు నొచ్చుకుంది. సరిగ్గా అప్పుడే వాళ్లు కొత్త రేవు కోసం, కొత్త కాలువ కోసం పోరాడుతున్నారు. బతకడానికి తాపత్రయపడుతున్నవాళ్లను చచ్చారని అంటే ఎవరికైనా బాధే. రోడెన్‌బాక్ స్మారక శిల్పం చివరికి బ్రూజ్‌లో కాకుండా గెంట్‌లో వెలిసింది. 1907లో జీబ్రుగ్గె రేవు ప్రారంభమైంది. ‘సముద్రపు బ్రుగ్గె’ అని ఆ పేరుకు అర్థం. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఊరికి మళ్లీ సముద్రం దక్కింది.

ఈలోగా 1902లో ఇంకో పెద్ద సంగతి జరిగింది. పాత ఫ్లెమిష్ చిత్రకారుల బొమ్మలను ఎక్కడెక్కడి నుంచో తెప్పించి బ్రూజ్‌లో ప్రదర్శన పెట్టారు. అది జరిగిన ప్రావిన్స్ భవనం, ఒకప్పుడు పడవలు సరుకు దించిన నీటి శాల జాగాలో కట్టినదే. ఉన్ని మూటలు వచ్చిన చోటికి ఈసారి మనుషులు వచ్చారు. ఊరికి కొత్త వర్తకం దొరికింది.

రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ జర్మన్లు ఈ ఊరిని ఆక్రమించారు. అదే ప్రావిన్స్‌లోని ఈపర్ పట్టణం మొదటి యుద్ధంలో నేలమట్టమైంది. బ్రూజ్ కట్టడాలు చాలావరకు బతికిపోయాయి. బతకడం ఎంత సన్నని దారం మీద సాగిందో చెప్పడానికి అవర్ లేడీ చర్చిలోని ఒక్క శిల్పం చాలు. మైకెలాంజిలో చెక్కిన పాలరాతి మాతాశిశువుల బొమ్మ అది. మౌస్‌క్రాన్ అనే బట్టల వర్తకుల కుటుంబం 16వ శతాబ్దం మొదట్లో ఇటలీ నుంచి తెప్పించింది. 1794లో ఫ్రెంచివాళ్లు ఎత్తుకెళ్లారు, నెపోలియన్ ఓడాక తిరిగొచ్చింది. 1944లో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైనికులు పరుపుల్లో చుట్టి, రెడ్‌క్రాస్ లారీలో వేసుకుని పోయారు. మరుసటి ఏడాది ఆస్ట్రియాలోని ఆల్టౌసీ ఉప్పు గనిలో దొరికింది. ఇప్పుడు గాజు వెనక, కాస్త దూరంగా, తల వంచుకుని కూర్చున్న ఆ తల్లిని చూసినప్పుడు, ఆమె రెండుసార్లు పరాయి చేతుల్లో పడి ఇల్లు చేరిందని గుర్తుంటే చూపు ఇంకో క్షణం నిలుస్తుంది.

2000లో యునెస్కో పాత నగరం మొత్తాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏటా క్రీస్తు ఆరోహణ పండుగనాడు సాగే ‘పవిత్ర రక్తం’ ఊరేగింపుకూ 2009లో గుర్తింపు వచ్చింది. ఊరివాళ్లే వేషాలు కట్టి నడిచే ఆ ఊరేగింపు ప్రస్తావన 13వ శతాబ్దపు పత్రాల్లోనే ఉంది.

గుర్తింపుతో పాటు జనం వెల్లువెత్తారు. కాలువల అంచున ఐదు రేవుల నుంచి పడవలు అరగంట షికారుకు తిప్పుతాయి. తక్కువ ఎత్తు వంతెనల కింద అందరూ తలలు వంచాలి. ఇరుకు రాతి వీధుల్లో బరువు లారీలు తగ్గించడానికి హాల్వె మాన్ అనే పాత బీరు తయారీ సంస్థ 2016లో భూమి కింద మూడు కిలోమీటర్లకు పైగా గొట్టం వేసి, బీరును ఊరి బయట సీసాలు నింపే చోటికి పంపుతోంది. పాత ఊళ్లో కర్మాగారం మూయకుండా బతికించుకునే ఉపాయమది. పాతదాన్ని కాపాడటమంటే అద్దాల పెట్టెలో పెట్టడం కాదని బ్రూజ్ ఇలాంటి పనులతో చూపిస్తోంది.

అసలు కష్టం వేరే చోట ఉంది. ఏడాదికి 80 లక్షలకు పైగా జనం వస్తున్నారని లెక్క తేలిన కాలంలో, కాలువల వలయం లోపలి పాత ఊళ్లో ఉండేవాళ్లు దాదాపు 20 వేల మందే. వచ్చేవాళ్లలో అత్యధికులు పొద్దున దిగి సాయంత్రానికి వెళ్లిపోతారు. మార్క్ట్, గంటల గోపురం, ఒక పడవ, ఒక చాక్లెట్ పెట్టె. అంతే. 2019లో నగర నాయకత్వం ఒక్కరోజు యాత్రల కోసం ప్రకటనలు ఆపేస్తామని, జీబ్రుగ్గెలో ఆగే క్రూయిజ్ ఓడల సంఖ్యకు పరిమితి పెడతామని ప్రకటించింది. ఒకప్పుడు ఓడలు రాక ఎండిపోయిన ఊరే ఇప్పుడు ఓడలు తగ్గించమంటోంది.

ఆ కోరికను మన్నించడం యాత్రికుడి చేతిలోనే ఉంది. యూరప్ టూర్ వేసుకునేవాళ్లు, అక్కడ చదువుకుంటున్న పిల్లల్ని చూడవెళ్లే తల్లిదండ్రులు, బ్రస్సెల్స్ నుంచి గంట ప్రయాణమే కదా అని బ్రూజ్‌ను ఒక మధ్యాహ్నంలో ముగించవద్దు. ఒక రాత్రి ఉండండి. సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక కాలువగట్టున నడవండి. తెల్లారి సింట్ అన్నా పేటకు వెళ్లి లేసు కేంద్రం చూడండి, అక్కడికి దగ్గర్లోనే పాత కోటగట్టు మీద 1770 నాటి సింట్ యాన్స్‌హూయిస్ గాలిమర ఉంది, అది ఇప్పటికీ ధాన్యం విసురుతుంది. 1245లో మొదలైన, బెగైన్‌లు అనే భక్తురాళ్ల ఆశ్రమ వాడలో సన్యాసినులు నేటికీ నివసిస్తున్నారు, తెల్లని ఇళ్ల మధ్య ఆ తోటలో గొంతు తగ్గించి నడవండి. వాళ్లకు అది చూడదగ్గ స్థలం కాదు, ఇల్లు.